సైకిల్ బాట రైతు గడప దాకా సాగాలి

కార్తీక వనభోజనాల నాటి నుంచి సంక్రాంతి సెలవులు ముగిసేదాకా విశాఖపట్నం నుంచి అరకు, లంబసింగి, వంజంగి వైపు వాహనాల బారులు ఏటా పెరుగుతున్నాయి. అనంతగిరి ఘాట్‌లో రాకపోకలు నిలిచిపోవడం, కొండ మలుపుల్లో ప్లాస్టిక్ సీసాలు గుట్టలు పడటం శీతకాలపు మామూలు వార్తలయ్యాయి. వాటి వెంటే ఒక ప్రశ్న ఏటా తిరిగొస్తోంది: ఇంతమంది వచ్చి చేసే ఖర్చులో దారి పొడవునా పంట పండించేవారికి దక్కేదెంత? నగరంలో పెట్రోలు పోయించుకుని, కొండమీద హోటల్లో భోంచేసి, నాలుగు ఫొటోలు తీసుకుని సాయంత్రానికి తిరుగుముఖం పట్టే కుటుంబం నడుమ ఎన్నో ఊళ్లు దాటుతుంది. ఆ రోజుల్లోనే ఆ ఊళ్లలో చెరకు గానుగలు ఆడుతుంటాయి, చోళ్లు నూరుస్తుంటారు, కాఫీ గింజలు ఆరబోస్తుంటారు. బండి మాత్రం ఆగదు. పర్యాటకం పెరిగినకొద్దీ పల్లెకు మిగిలేది దుమ్ము, చెత్త, సామాన్యుడికి అందని భూముల ధర అయితే దాన్ని అభివృద్ధి అని పిలవలేం.

ఈ చిక్కుకు చాలా దేశాలు ప్రయత్నించి చూసిన పరిష్కారం ఒకటుంది. ఊళ్లను, పొలాలను, తిండి సరుకులు తయారయ్యే చోట్లను కలుపుతూ సైకిల్ మార్గాలు గుర్తించడం, ఆ దారిలో రైతు నేరుగా అమ్ముకునే ఏర్పాట్లు చేయడం. విశాఖలో దీనికి కావలసిన పునాది ఉంది. సాగరతీరంలో తెల్లవారుజామున వాహనాలను ఆపి నడకకు, సైకిళ్లకు రోడ్డు వదిలే అలవాటు ఉంది. సెలవు రోజుల్లో భీమిలి దాకా తొక్కి వచ్చే బృందాలున్నాయి. భీమిలి దాటాక ఎటు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో, ఎవరి దగ్గర ఏం కొనాలో చెప్పే వ్యవస్థే లేదు. దాన్ని ప్రభుత్వం రోడ్డు పనిగా చూస్తే కాంట్రాక్టరు బాగుపడతాడు. వినోదంగా చూస్తే రిసార్టు బాగుపడుతుంది. రైతు తన సరుకు అమ్ముకునే దారిగా చూసినప్పుడే పెట్టిన ప్రతి రూపాయికీ అర్థం ఉంటుంది.

నగరం వెనకనున్న పంట

విశాఖ ఎదుగుదలను సేద్యం వైపు నుంచి చూసినవారు తక్కువ. 1933లో హార్బరు తెరుచుకున్న నాటి నుంచీ ఈ నగరం లోపలి ప్రాంతాల సంపదను ఓడకెక్కించే రేవుగానే పెరిగింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కొండలను తొలుచుకుంటూ వచ్చింది. ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాల పరిధిలో సుమారు 26 వేల ఎకరాలు సేకరించారు. తరువాత మందుల పరిశ్రమలు, ప్రత్యేక ఆర్థిక మండళ్లు, ఆరు వరుసల రహదారులు, లేఅవుట్లు వచ్చాయి. ప్రతి దశలోనూ నగరం అంచునున్న పొలం మరికొంత వెనక్కి జరిగింది. అయినా ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల కూరగాయలు, పూలు, సింహాచలం కొండ అనాస, పనస, సంపెంగ, సబ్బవరం వైపు జీడితోటలు ఇప్పటికీ నగరానికి చేరువలోనే ఉన్నాయి. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలంటే సేద్యం గిట్టుబాటు కావాలి. ఎకరం పొలం ఇచ్చే ఆదాయం ప్లాటు ధర ముందు వెలవెలబోతుంటే ఏ జోన్ నిబంధనా పొలాన్ని ఎక్కువకాలం కాపాడలేదు.

రైతునూ కొనేవారినీ నేరుగా కలిపే ప్రయత్నాలు మనకు కొత్త కాదు. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం వంటి చోట్ల నేటికీ మధ్యతరగతి వంటింటిని ఆదుకుంటున్నాయి. కానీ అక్కడికి రైతే కదిలి రావాలి. తెల్లవారకముందే గంపలెత్తుకుని బస్సో ఆటోనో పట్టాలి. పొద్దెక్కాక మిగిలింది అయినకాడికి వదిలించుకోవాలి. పైగా అది రోజువారీ కూరగాయల బేరం. బెల్లం, కాఫీ, తేనె, చిరుధాన్యాల వంటి నిల్వ సరుకుకు అక్కడ చోటు స్వల్పం. రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన పరిశోధన పత్రం ప్రకారం వినియోగదారు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది టమాటాలో 33 పైసలు, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37. తక్కిన మూడింట రెండు వంతులు రవాణా, కమీషన్లు, తరుగు, చిల్లర వ్యాపారం కిందికి పోతున్నాయి. కొనేవాడే చేను గట్టుకు వచ్చినప్పుడు ఆ ఖర్చుల్లో చాలావరకు ఎగిరిపోతాయి.

అనకాపల్లినే తీసుకుందాం. దేశంలో రెండో అతిపెద్ద బెల్లం మార్కెట్‌గా పేరున్న ఊరు అది. 1913లోనే అక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం వెలిసి చెరకు పరిశోధనకు పేరు తెచ్చుకుంది. చుట్టుపక్కల సహకార చక్కెర కర్మాగారాలు నష్టాల్లో కూరుకుపోయి, తుమ్మపాల వంటివి మూతపడ్డాక చాలామంది రైతులకు గానుగే దిక్కయింది. అయితే యార్డులో బెల్లం ధరను రంగు శాసిస్తోంది. పసుపు రంగులో మెరిస్తేనే మంచి ధర పలుకుతుంది కనుక పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు పాతుకుపోయింది. అది కలపకుండా వండిన ముదురు రంగు దిమ్మకు ధర తగ్గుతుంది. నల్లబెల్లం అంటే నాటుసారా గుర్తొచ్చే చోట అనుమానపు చూపులూ తప్పవు. పెనం పక్కన నిలబడి రసం మరగడం, పాకం రావడం, దిమ్మ కట్టడం కళ్లారా చూసిన మనిషి రంగును బట్టి బేరమాడడు. ముదురు బెల్లం ఎందుకు మేలో అతనికి ప్రకటన ఇచ్చి చెప్పనక్కర్లేదు. రసాయనాలపై తనిఖీలు, హెచ్చరికలు ఇన్నేళ్లలో తేలేని మార్పును ఇలాంటి కొనుగోలుదారులు తేగలరు.

అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా మాడుగుల నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. గోధుమ పాలు, నెయ్యితో గంటల తరబడి కలియబెట్టి చేసే అక్కడి హల్వాకు నూరేళ్లకు పైబడిన పేరుంది. మన్యంలో పరిస్థితి ఇంకా తేటతెల్లం. అరకు వేలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది; 2017లోనే పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. విశాఖ కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కాఫీ, తేనె, చింతపండు సేకరించి అమ్ముతోంది. ఇంత పేరున్నా తోట సాగు చేసే ఆదివాసీ కుటుంబం తన గింజను తన ఇంటి ముందే కాచి కప్పు లెక్కన అమ్ముకునే ఏర్పాటు అరుదు. గింజగా పలికే ధరకూ కప్పులో పలికే ధరకూ మధ్య ఉన్న పెద్ద తేడా కొండ దిగిపోతోంది. అందులో కొంతైనా కొండమీద మిగలాలంటే తాగేవాడు తోట దాకా రావాలి. ప్రకృతి సేద్యానిదీ ఇదే అవసరం. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016లో మొదలైన ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కింది. అంతర్జాతీయ గౌరవం వచ్చినా, తన సరుకు వేరని పక్క పట్నంలోని వినియోగదారును నమ్మించడం ఆ రైతుకు నేటికీ కష్టంగానే ఉంది. చేను చూపించడాన్ని మించిన ధ్రువపత్రం లేదు.

కాలం కూడా కలిసొస్తుంది. కోస్తాలో సైకిల్ తొక్కడానికి అనువైన నెలలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. గానుగలు ఆడేదీ, కాఫీ పండ్లు కోసేదీ, చోళ్లు, సామలు ఇంటికి చేరేదీ, చింతపల్లి వైపు రాజ్‌మా సంతకొచ్చేదీ ఆ నెలల్లోనే. సందర్శకుల సీజన్ ఒకటి, పంట సీజన్ మరొకటి అయిన ప్రాంతాల్లో రైతు అమ్మకానికి వేరే సరుకు వెతుక్కోవాలి. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. వేసవిలో తాటి ముంజెలు, మామిడి, జీడిపండ్లు వచ్చే రోజులకు తెల్లవారుజాము ప్రయాణాలు సరిపోతాయి.

సైకిలే ఎందుకు?

ఈ అమ్మకమేదో కార్లలో వచ్చేవారితోనే జరగొచ్చు కదా అన్నది సహజమైన సందేహం. జవాబు వేగంలో ఉంది. గంటకు పదిహేను కిలోమీటర్లు వెళ్లేవాడికి గానుగ పొగ కనిపిస్తుంది, పాకం వాసన తగులుతుంది, దాహమూ ఆకలీ వేస్తాయి. రోజుకు నలభై యాభై కిలోమీటర్లు తొక్కేవారు నడుమ రెండు మూడు చోట్ల ఆగి తినక తప్పదు. దూరం పెరిగితే రాత్రి బస కూడా ఊళ్లోనే. ఇరుకైన ఊరి వీధిలో పది కార్లు ఆగితే ఎడ్లబండి కూడా కదలదు. పాతిక సైకిళ్లు రచ్చబండ పక్కన సర్దుకుంటాయి. 2012లో యూరోపియన్ పార్లమెంటు కోసం జరిగిన అధ్యయనం ఆ ఖండంలో సైకిల్ పర్యాటకం విలువను ఏడాదికి 4,400 కోట్ల యూరోలుగా అంచనా వేసింది. ఆదాయాలూ అలవాట్లూ వేరు కనుక ఆ అంకెను మనకు వర్తింపజేయలేం. కాని ఆ ఖర్చు పెద్ద కేంద్రాల్లో పోగుపడకుండా చిన్న చిన్న ఊళ్లకు పంచుకుపోయే తీరు ఎక్కడైనా ఒకటే, ఎందుకంటే ఆకలి ఎక్కడైనా ఒకటే.

ఉక్కు నగరానికి అన్నిటికన్నా పనికొచ్చే పాఠం బెల్జియంలోని లింబర్గ్ నుంచి వస్తుంది. బొగ్గు గనులపై బతికిన ఆ ప్రాంతంలో చివరి గని 1992లో మూతపడింది. మూడేళ్లకు, 1995లో, హ్యూగో బొలెన్ అనే గనుల ఇంజినీరు ఆలోచనతో అక్కడ అంకెల కూడళ్ల సైకిల్ వ్యవస్థ మొదలైంది. దారులు కలిసే ప్రతి చోటా ఒక సంఖ్య, అక్కడి నుంచి పక్క సంఖ్యలకు బాణం గుర్తులు. వెళ్లాలనుకున్నవారు తమకు కావలసిన సంఖ్యలు వరుసగా చీటీ మీద రాసుకుని బయల్దేరవచ్చు. కొత్త రోడ్లు పరవడం కన్నా ఉన్న పొలం దారులనూ కాలువ గట్లనూ కలపడంపైనే అక్కడ దృష్టి పెట్టారు. ప్రధాన పెట్టుబడి బోర్డులే. ఆ పద్ధతి తరువాత ఫ్లాండర్స్ అంతటికీ, పొరుగున నెదర్లాండ్స్‌కూ పాకింది. న్యూజిలాండ్‌లో ఒటాగో లోతట్టున మూతపడిన రైలు మార్గాన్ని సుమారు 150 కిలోమీటర్ల సైకిల్ బాటగా మలిచి 2000లో పూర్తిచేశారు. రైలు పోయాక వెలవెలబోయిన చిన్న ఊళ్లలో బసలకు, భోజనశాలలకు మళ్లీ గిరాకీ వచ్చింది. ఆ అనుభవం ఉన్నందునే 2009లో అక్కడి ప్రభుత్వం దేశవ్యాప్త సైకిల్ బాటలకు 5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు కేటాయించింది.

దారి వేస్తే అమ్మకం దానంతట అదే జరిగిపోదు. ఆ సగం పని ఎలా చేయాలో జపాన్, ఇటలీ చూపించాయి. జపాన్‌లో 1993లో 103 చోట్ల మొదలైన రహదారి విశ్రాంతి కేంద్రాలు నేడు 1,200 దాటాయి. మరుగుదొడ్లు, విశ్రాంతి స్థలంతో పాటు అక్కడ స్థానిక పంటల విక్రయశాల ఉంటుంది. రైతు తన పేరుతో, తానే ధర నిర్ణయించి సరుకు పెట్టి వెళతాడు. కేంద్రం కొద్దిపాటి కమీషన్ తీసుకుంటుంది. రైతు రోజంతా దుకాణంలో కూర్చోనక్కర్లేదు. ఇటలీ 1985లోనే వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక చట్టం చేసింది. అతిథులకు బస, భోజనం ఇచ్చే రైతుకు సేద్యమే ప్రధాన వృత్తిగా ఉండాలి, వడ్డించేదాంట్లో సొంత పంటకు చోటుండాలి. పేరుకు పొలం, పనికి హోటలు అయ్యే ప్రమాదాన్ని వారు ముందే ఊహించి అడ్డుకట్ట వేశారు. మన దేశంలోనే కేరళలో కుమరకోం ఉంది. హోటళ్లు తమకు కావలసిన కూరగాయలను స్థానిక మహిళా సంఘాల నుంచి కొనేలా అక్కడ మొదలైన బాధ్యతాయుత పర్యాటకం కాలక్రమంలో 2017 నాటికి రాష్ట్ర స్థాయి మిషన్‌గా ఎదిగింది. మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటక విధానం ప్రకటించింది.

వీటి పక్కన హైదరాబాద్ ప్రయోగాన్ని ఉంచి చూడాలి. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల మేర సౌర ఫలకాల పైకప్పుతో 2023 అక్టోబరులో ప్రారంభించిన సైకిల్ ట్రాక్ ఇంజినీరింగ్ పరంగా గొప్ప నిర్మాణం. వ్యాయామానికి, భద్రతకు అది మేలు చేసింది. అయితే అది రహదారిని అంటిపెట్టుకుని సాగుతుంది కనుక ఏ ఊరి సంతతోనూ, ఏ తోటతోనూ దానికి సంబంధం ఏర్పడదు. విశాఖ అదే నమూనాను తెచ్చుకుంటే ఖర్చు అంతకంత, రైతుకు ప్రయోజనం శూన్యం. మన అవసరానికి లింబర్గ్ బోర్డు, జపాన్ విక్రయశాల, ఇటలీ నిబంధన కలిస్తే చాలు.

అభ్యంతరాలు, వాటి బరువు

మొదటి అభ్యంతరం, ఇది సంపన్నుల సరదా అన్నది. ఖరీదైన గేర్ల సైకిళ్లు, హెల్మెట్లు చూసి అలా అనిపించడం సహజమే. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిలుందన్న సంగతి మరవకూడదు. ఉక్కు కర్మాగారం షిఫ్టులకు, గాజువాక కంపెనీలకు సైకిలు మీద వెళ్లిన తరం ఇంకా మన మధ్యే ఉంది. పల్లె పిల్లలు బడికి వెళ్లేదీ, పాలు కేంద్రానికి చేరేదీ ఆ దారుల్లోనే. వేగ నియంత్రణ, దారి దీపాలు, గుంతల పూడ్పు వల్ల ముందుగా మేలు పొందేది వారు. సందర్శకుల కోసం వేసే ప్రతి ఏర్పాటూ ఊరివారికి కూడా ఉపయోగపడాలన్న షరతు పెట్టుకుంటే ఈ విమర్శకు అదే జవాబవుతుంది.

రెండోది భద్రత. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. విశాఖ చుట్టూ జాతీయ రహదారి, రేవుకు పోయే లారీలు, క్వారీ టిప్పర్లు, అచ్యుతాపురం పారిశ్రామిక వాహనాలు ఉన్న చోట సైకిలును వాటి మధ్యకు తోయడం నేరమే అవుతుంది. అందుకే మార్గ నిర్ణయంలో మొదటి సూత్రం పెద్ద రహదారికి దూరంగా ఉండటం. ఆనందపురం, అనకాపల్లి వంటి చోట్ల రహదారిని దాటక తప్పనప్పుడు కింది మార్గమో సిగ్నలో ఉన్న కూడలినే ఎంచుకోవాలి. అనంతగిరి ఘాట్‌ను సాధారణ సందర్శకుల మార్గంలో చేర్చకూడదు. దానికి రైలుంది. 2017లో అద్దాల బోగీ తగిలించిన కొత్తవలస–కిరండూల్ మార్గంలోనే, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున్న సిమిలిగుడ స్టేషన్ మీదుగా, సైకిళ్లకు ఒక పెట్టె కేటాయిస్తే కొండ ఎక్కే కష్టం, ఘాట్ ప్రమాదం రెండూ తప్పుతాయి. ఇనుప ఖనిజం దించడానికి పరిచిన పట్టాలు కాఫీ రైతు దగ్గరికి కొనేవారిని చేరవేస్తాయి.

మూడోది అన్నిటికన్నా తీవ్రమైనది: పేరు వచ్చిన చోట భూమి చేతులు మారుతుంది. మైదానంలో ‘ఫామ్ ప్లాట్ల’ పేరుతో తోటలు ముక్కలవడం చూస్తూనే ఉన్నాం. మన్యంలో భూ బదలాయింపు నియంత్రణ చట్టం, 1970 నాటి ఒకటో నిబంధన గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించాయి. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై వచ్చిన 1997 సమతా తీర్పు ఆ రక్షణను మరింత గట్టిపరిచింది. అయినా బినామీ పేర్లతో బసలు, గుడారాలు వెలుస్తున్నాయన్న ఆరోపణలు ఆగలేదు. సైకిల్ మార్గం ఆ ధోరణికి ఊతమిచ్చేటట్లయితే వద్దనుకోవడమే మేలు. షెడ్యూల్డ్ ప్రాంతంలో మార్గం, ఆగే చోట్లు, సందర్శకుల సంఖ్యపై పరిమితి వంటివన్నీ 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ ఆమోదంతోనే జరగాలి. బస, భోజనం, మార్గదర్శనం స్థానిక ఆదివాసీ కుటుంబాల పేరిటే నమోదు కావాలి. ఊరు వద్దంటే బోర్డు తీసేయాలి.

నాలుగో అభ్యంతరం ఆర్థికవేత్తలది: సైకిలు మీద వచ్చేవాడు కొనేదెంత, దాంతో రైతు బతుకు మారుతుందా? ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక మార్గంలో వారానికి వందమంది చొప్పున ఇరవై వారాలు వచ్చి తలా 300 రూపాయలు ఖర్చు పెడితే మొత్తం 6 లక్షలు. పదిహేను కుటుంబాలు పంచుకుంటే ఇంటికి 40 వేలు. చిన్న రైతుకు అది చెప్పుకోదగ్గ అదనపు రాబడే అయినా మండలం ముఖచిత్రాన్ని మార్చేదేమీ కాదు. అసలు బలం ఆ తరువాత ఉంది. సైకిలు బుట్టలో బెల్లం దిమ్మ పట్టదు. కాని గానుగ చూసిన కుటుంబానికి ఆ రైతు పేరు, ఫోను నంబరు గుర్తుంటాయి. వచ్చిన రెండు వేల మందిలో అయిదో వంతు తరువాత ఏడాదిలో 2 వేల రూపాయల సరుకు తెప్పించుకున్నా మరో 8 లక్షలు. దారిలో అమ్మినదాన్ని మించి ఇంటికి పంపేదే ఎక్కువవుతుంది. అంటే ఈ మార్గం విజయం ఆర్టీసీ కార్గో బుకింగు, ప్యాకింగు, తూకం, రశీదు సక్రమంగా ఉండటంపైనే ఆధారపడుతుంది. వీటిని మరచిన పథకం ప్రారంభోత్సవ శిలాఫలకం దగ్గరే ఆగిపోతుంది.

ప్రభుత్వం చేయాల్సింది

ముందుగా మూడు చిన్న మార్గాలు చాలు. ఒకటి, సాగరతీరం వెంట భీమిలి చేరి, గోస్తనీ తీరాన తగరపువలస, 1794 యుద్ధం జరిగిన పద్మనాభం మీదుగా ఆనందపురం కూరగాయల, పూల సాగు ఊళ్లకు. రెండోది, అనకాపల్లి బెల్లం గానుగల నుంచి బొజ్జన్నకొండ పక్కగా, శారదా నది పరీవాహకంలో చోడవరం, మాడుగుల వైపు. మూడోది, రైలెక్కి వెళ్లి అరకు లోయలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి నెలకొల్పిన పద్మాపురం తోట దగ్గర మొదలై డుంబ్రిగుడ వైపు కాఫీ, చిరుధాన్యాల ఊళ్లను చుట్టేది. ఉక్కు కర్మాగారానికి నీరు తెచ్చే, 150 కిలోమీటర్లకు పైబడిన ఏలేరు కాలువ గట్టు ఎంతవరకు పనికొస్తుందో జలవనరుల శాఖతో కలిసి పరిశీలించాలి. కొత్తగా సిమెంటు పోయనక్కర్లేదు. గ్రామీణ రోడ్ల మరమ్మతు, అంకెల బోర్డులు, ఊరి దగ్గర వేగ నిరోధకాలు, తాగునీరు, మహిళలు నిస్సంకోచంగా వాడుకోగల మరుగుదొడ్లు ఉంటే మొదటి దశకు సరి.

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. ఈ మూడు మార్గాలూ మూడు కలెక్టరేట్ల పరిధిలోకి వస్తాయి. రోడ్లు, పంచాయతీరాజ్, వ్యవసాయం, పర్యాటకం, అటవీ శాఖలు ఎవరి దారి వారివి. అందరిదీ అనుకున్న పని ఎవరిదీ కాకుండా పోతుంది. అందుకని ముగ్గురు కలెక్టర్ల సంయుక్త పర్యవేక్షణలో ఒక చిన్న సంస్థ ఉండాలి. దాని నిర్వాహక మండలిలో సగానికి పైగా స్థానాలు రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, డ్వాక్రా సమాఖ్యలకు, గిరిజన సహకార సంఘాలకు దక్కాలి. ఊరూరా ఉన్న రైతు సేవా కేంద్రాలను జపాన్ తరహా విక్రయశాలలుగా, నీరు, గాలి పంపు దొరికే చోట్లుగా మలచవచ్చు. కొత్త భవనాల అవసరమే రాదు. వారపు సంత రోజున దారి సంతను తాకేలా సమయపట్టిక వేసుకుంటే ఉన్న వ్యవస్థకే బలం చేకూరుతుంది.

అమ్మేవారికి నిబంధనలు స్పష్టంగా, తక్కువగా ఉండాలి. మార్గం గుర్తు పెట్టుకునే ప్రతి ఇల్లూ, గానుగా, తోటా సేద్యాన్నే ప్రధాన జీవనంగా కలిగి ఉండాలి. అమ్మే సరుకులో అధిక భాగం సొంతది లేదా ఆ ఊరిది కావాలి. బయటి నుంచి తెచ్చింది ఏదో బోర్డుపై రాయాలి. ఆహార భద్రత చట్టం కింద చిన్న తయారీదారులు ఏడాదికి వంద రూపాయల రుసుముతో నమోదు చేసుకునే వీలుంది. ఆ పని గ్రామ సచివాలయంలోనే పూర్తిచేయాలి. హైడ్రోస్ కలపని బెల్లానికి అనకాపల్లి పరిశోధన కేంద్రం పరీక్ష చేసి గుర్తు ఇస్తే, ఆ గుర్తు మార్కెట్ యార్డులో కూడా విలువ సంపాదిస్తుంది. కాఫీ, చోడి అంబలి, ఆ పూట భోజనం అడ్డాకు విస్తరిలో పెట్టినా చాలు. పట్నపు హోటలును పల్లెలో నకలు చేసే ఖర్చును ఎవరిపైనా రుద్దకూడదు. పని భారం ఇంటి ఆడవారిపైనే పడుతుంది కనుక రాబడి కూడా వారి ఖాతాలోనే జమ కావాలి.

చివరగా జవాబుదారీ. పర్యాటక పథకాల విజయాన్ని మన శాఖలు వచ్చినవారి తలల లెక్కతో కొలుస్తాయి. ఆ కొలమానమే లంబసింగిని, వంజంగిని ఊపిరాడని స్థితికి తెచ్చింది. ఇక్కడ లెక్కలు వేరుగా రాయాలి: ఎన్ని కుటుంబాలకు ఎంత నికర రాబడి వచ్చింది, మరుసటి ఏడాది ఎందరు తిరిగి కొన్నారు, ఎన్ని ప్రమాదాలు జరిగాయి, మార్గం పక్కన ఎన్ని ఎకరాలు సేద్యం నుంచి తప్పుకున్నాయి. ఏటా ఉగాదికల్లా ఈ వివరాలు గ్రామసభల ముందుంచాలి. రాబడి పెరగకపోతే పద్ధతి మార్చాలి. పొలాలు ప్లాట్లయితే ఆ మార్గాన్ని రద్దు చేయాలి. రాబోయే శీతకాలానికి అనకాపల్లి–మాడుగుల మార్గంతో మొదలుపెట్టవచ్చు. ఊళ్లు సిద్ధంగా ఉన్నాయి, సరుకు సిద్ధంగా ఉంది, తొక్కేవారూ ఉన్నారు. కలెక్టర్లు, శాఖాధిపతులు ఒక బల్ల చుట్టూ కూర్చుని తేల్చుకోవాల్సినవి తక్కిన పనులు. ఉక్కు కోసం భూమినిచ్చిన ప్రాంతానికి మిగిలిన భూమితో బతికే దారి చూపించడం ఈ నగరం బాధ్యత. అందుకు సైకిల్ బాట చవకైన మొదటి అడుగు, ఆలస్యం చేయడానికి ఖర్చు సాకుగా చెప్పుకోలేని అడుగు.